చేతుల మీద కన్ను

"ఎడంగా పోరా, ఎడంగా! నీ గాలి తగిల్తే చాలు, ట్రాలీలో వడ్లు ఎగిరిపోతాయి."

ట్రాక్టరు సీటు మీది నుంచే అరిచాడు శంకరయ్య. పక్కవాళ్లు వినాలనే అరిచాడు. మిల్లు ముందర వరసగా నిలిచిన బండ్ల కాడ రైతులు కొందరు నవ్వారు. వీపు మీద ఊక మూటతో పోతున్న అంజి తల ఎత్తలేదు. ట్రాలీకి దూరంగా, బండ్లు తూచే కాటా పలక అంచు కూడా తొక్కకుండా, కంచె వారన బురదలో దిగి నడిచిపోయాడు. కిందటి పంట దాకా ఆ ట్రాక్టరు తోలింది అతనే.

కాటా గది కిటికీలోంచి ఆదినారాయణ అంతా చూశాడు. చూసి, చూడనట్టు చీటీ చింపాడు. ఆళ్లగడ్డ రోడ్డు మీద హరి మిల్లు పెట్టిన నాటి నుంచి ఆ కిటికీలో గుమాస్తా అతనే. గదిలో ఒక కంప్యూటరు, చీటీలు కొట్టే మిషను, వాటి పక్కన అద్దం ముఖంతో ఒక ఇనుప పెట్టె. కాటా పలక కింది నుంచి వైరు మొదట ఆ పెట్టెలోకి, పెట్టెలోంచి కంప్యూటరులోకి పోతుంది. పెట్టె అద్దంలో అంకెలు వెలగాలట. ఎన్నడూ వెలగలేదు. అది చెడిపోయిందని, చీటీ సరిగ్గా వస్తున్నప్పుడు దానితో పని లేదని హరి ఎప్పుడో చెప్పాడు. నిండు బండి ఒకసారి, వడ్లు దించినాక ఖాళీ బండి ఒకసారి తూగుతాయి. నిండుదానిలో ఖాళీది తీసేస్తే వడ్లు. అంతే లెక్క.

"ఎంతొచ్చింది నిండుకు?" శంకరయ్య దిగి వచ్చి కిటికీలో చెయ్యి పెట్టాడు.

"ఏడువేల రెన్నూరు కేజీలు."

"ఈ తూరి దావలో మూటలు దిగలేదులే. నేనే తోలుకొస్తి."

"కళ్లంలో కొల్చుకోలేదా నువ్వు?"

"దొంగనాకొడుకును మాన్పిచ్చినాక కొలత యాలప్పా? నిరుడు మూట మూట కొల్చి ట్రాలీలో పోయిస్తే, ఈడికొచ్చేతలికి నాలుగు మూటలు తగ్గె. శిరివెళ్ల కాడ టైరు మార్చినా అన్యాడు. నువ్వు గట్టిగా చెప్పబట్టి సరిపాయ. లేకుంటే వాని ఏడుపు జూసి నేను గూడా నమ్ముతాంటి."

"నేనేముందిలే. కంప్యూటర్ చెప్పె. అది అబద్ధం చెప్పదు గదా."

ఆ మాట నిరుడు టీ అంగడి కాడ ఊరందరి ముందర అన్నాడు. మళ్లీ అదే నోట్లోంచి వచ్చింది. అనీ అనకముందే వెనక తెర నీలంగా తిరిగింది. దాని నిండా తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. ఆపి, మళ్లీ వేశాడు. మళ్లీ నీలమే.

హరి వచ్చేసరికి వరస రోడ్డెక్కింది. మనిషి నెమ్మదస్తుడు, గొంతు లేపడు. తెల్ల చొక్కా, జేబులో రెండు సెల్లు ఫోన్లు. శంకరయ్యే అడిగాడు, "హరీ, అంతదాకా లోపలుండే చిన్న కాటా మీద మూటలేసి తూచుకుందాం రా. అందరమూ ఉండాము గదా" అని.

"వద్దు" అన్నాడు హరి. "కంప్యూటర్ లేకుండా ఒక్క గింజ దిగేది లేదు. రేపు నంద్యాల నుంచి మనిషొస్తాడు."

ట్రాలీల మీద టార్పాలిన్ పట్టలు కట్టుకుని రైతులు ఇళ్లకు పోయారు. గది తాళం వేస్తున్న ఆదినారాయణను హరి పక్కకు పిలిచాడు.

"ఆ వచ్చేవాడు ఎవరో ఏమో. నంద్యాలలో మన పోటీ మిల్లుల్లో గూడా వాడే పనిచేస్తాడంట. మన రైతులెవరు, ఎంత తోల్తాండారు, అంతా దాంట్లోనే ఉండాది. మా అవ్వ ఎరుక గదా నీకు?"

ఎరుకే. ఆ ఇంట్లో నగ చేయించాలంటే కంసలాయనను ఇంటికే పిలిచేవాళ్లు. వసారాలో కుంపటి పెట్టించి, ఎదురుగా పీట వేసుకుని ముసలామె కూర్చునేది. ఆయన గొట్టం ఊదితే గొట్టం చూసేది, గోరు గీరుకుంటే గోరు చూసేది. పని అయినాక కుంపట్లో బూడిదను నీళ్లలో కలిపి వడగట్టి, ఆయన పంచె దులిపించి పంపేది.

"అట్ల కూచోవల్ల నువ్వు. వాని ముఖం జూడాకు. చేతుల మీదనే ఉండల్ల కన్ను."

మరునాడు నంద్యాల బస్సు దిగి వచ్చినవాడు కుర్రవాడు కాదు, పెద్దవాడు కాదు. పేరు ఇస్సాకు. భుజాన బడిపిల్లల సంచి, చెవి వెనక స్క్రూలు తిప్పే పుల్ల. గడపలో చెప్పులు విడిచి, గదంతా ఒక చూపు చూశాడు. ఆ చూపే ఆదినారాయణకు నచ్చలేదు. పనికి వచ్చినవాడు పని వంక చూడాలి గానీ గోడల వంక ఎందుకు?

"సంచి ఆడ పెట్టు, నాకు అగపడేతట్టు."

"పెడ్తానన్నా. దాంట్లో మా ఆడామె కట్టిచ్చిన చిత్రాన్నం ఉండాది. అది గూడా చూస్తావా?"

ఆదినారాయణ నవ్వలేదు. స్టూలు లాక్కుని అతని మోచేతి పక్కనే కూర్చున్నాడు.

ఇస్సాకు కంప్యూటరు డబ్బా మూత విప్పాడు. లోపల ఊక, తౌడు, సన్నటి దుమ్ము బెత్తెడు మందాన పేరుకుని ఉంది. బ్రష్షుతో ఊడ్చి పేపరు మీద పోశాడు. సీడీ పెట్టే అరను ఒత్తితే కిర్రుమని సగం వచ్చి ఆగిపోయింది. వేలు పెట్టి తీస్తే గుప్పెడు వడ్లపొట్టు రాలింది.

"ఇది సీడీ తిండం మానేసి శానా దినాలైంది. తౌడు మరిగింది." జేబులోంచి చూపుడువేలంత పుల్ల ఒకటి తీశాడు. దానికి తాయెత్తుకు కట్టినట్టు ఎర్రదారం కట్టి ఉంది. "దీంతో ఎక్కిస్తా. పెన్‌డ్రైవ్."

"ఏముండాది దాంట్లో?"

"విండోస్ ఉండాది. కంప్యూటర్‌కు ప్రాణం మాదిరి అనుకో. పాతది చచ్చిపాయ, కొత్తది పొయ్యల్ల."

పుల్లను డబ్బా వెనక గుచ్చి, కరెంటు వేసి, తెర వెలిగేలోపల ఒకే మీటను టకటకా కొట్టాడు. తెర నలుపయింది. పుల్ల చివర సన్నటి దీపం మిణుకు మిణుకుమని కొట్టుకోవడం మొదలైంది. ఆదినారాయణ దాని మీదికి వంగాడు. దోమ రక్తం తాగేటప్పుడు దాని పొట్ట ఇట్లాగే కొట్టుకుంటుంది.

"అది ఇస్తాందా, తీసుకుంటాందా?"

ఇస్సాకు చెయ్యి ఆగింది. "ఇప్పుడు ఇస్తాంది."

"నాకెట్ల తెలుస్తాది?"

"తెలీదు" అన్నాడు ఇస్సాకు. "నంద్యాలలో ఒక డాక్టరమ్మ గూడా ఇదే అడిగె. ఆమెకూ తెలీలే."

ఆ జవాబుతో ఆదినారాయణ అనుమానం తగ్గలేదు, ఒక పీట ఎక్కువ వేసుకుని కూర్చుంది. అతను వేళ్లను చూడసాగాడు. ఏ వైరు పీకుతున్నాడు, ఏది ఏ తొర్రలో పెడుతున్నాడు, ఏ స్క్రూ ఎటు తిప్పుతున్నాడు. మాటలు అర్థం కాకపోయినా చేతులు అర్థమవుతాయి.

"దీంట్లో రెండు రూములుండాయన్నా. ముందరి రూములో విండోసు, వెనక రూములో మీ సరుకు. ముందరి రూములో ఉండే మీ కాటా ప్రోగ్రాంను ముందు వెనక రూములోకి మోస్తా. ఆనెంక ముందరి రూము కడిగేస్తా."

"కడిగితే?"

"ఏమీ మిగలదు. సున్నం కొట్టినట్ల ఉంటాది."

కడిగేటప్పుడు ఆదినారాయణ తెర మీదికి వంగాడు. పచ్చటి పట్టీ ఒకటి తెర మీద ఎడమ నుంచి కుడికి చీమలా పాకింది. నడుమ కరెంటు పోయింది. కింద బ్యాటరీ డబ్బా కుయ్ కుయ్ అని ఏడ్చింది. ఇస్సాకు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ప్రార్థన చేస్తున్నాడో, నాటకమాడుతున్నాడో. కరెంటు వచ్చింది. మిల్లు మనిషి టీ తెచ్చాడు. ఆదినారాయణకు గాజు గ్లాసు, ఇస్సాకుకు ప్లాస్టిక్ కప్పు. ఇస్సాకు కప్పును ఒకసారి తిప్పి చూసి, తాగి, నలిపి తన సంచిలోనే వేసుకున్నాడు. ఆదినారాయణ అది కూడా గమనించాడు. కప్పులో ఏమైనా పెట్టి ఉంటాడా?

మధ్యాహ్నానికి తెర మీద పచ్చిక గుట్ట, నీలి ఆకాశం వచ్చాయి.

"ఇంగ కాటా ప్రోగ్రాం ఎక్కియ్యల్ల. మీ పాతదాన్ని నీలం రోగం తగులుకోనింటాదేమో, అది వద్దు. కాటా కంపెనీవాళ్ల అసలుది నాకాడ ఉండాది." దాన్ని ఎక్కించి, చేతులు దులుపుకున్నాడు. "ఒక బండిని పలక ఎక్కియ్యన్నా. బరువు తెలిసిన బండి."

నిన్న తూగి దించకుండా నిలిచింది శంకరయ్య ట్రాలీ ఒక్కటే. శంకరయ్య ఊర్లో బంధువుల ఇంటికి భోజనానికి పోయాడు. ట్రాక్టరుకు తాళంచెవి అట్లే ఉంది. తోలేవాళ్లు ఎవరూ కనబడక ఆదినారాయణ కిటికీలోంచి అంజిని కేకేశాడు.

అంజి బండి దాకా వచ్చి నిలబడిపోయాడు. "శంకరయ్యప్పకు తెలిస్తే చంపుతాడన్నా."

"నేనుండా. ఎక్కు."

తువ్వాలుతో కాళ్ల బురద తుడుచుకుని ఎక్కాడు. స్టార్టు చేయబోతూ, పశువును నిమిరినట్టు మడ్‌గార్డు మీద ఒకసారి చెయ్యి వేశాడు. బండిని కుదుపు లేకుండా తెచ్చి పలక నడుమ నిలిపి, దిగి, తాను కూర్చున్న సీటును తువ్వాలుతో తుడిచి, మళ్లీ కంచె వారకు పోయి నిలుచున్నాడు.

తెర మీద అంకె నిలిచింది. ఏడువేల ఐన్నూరు.

ఆదినారాయణ స్టూలు మీది నుంచి లేచాడు. "ఏం చేసినావు నువ్వు?"

"ఏమైంది?"

"నిన్న ఈ బండే. ఏడువేల రెన్నూరు. నా చేత్తో చీటీ ఇచ్చినా. కంప్యూటర్‌ను చెడగొట్టినావు గదరా! ఎవరు పంపిరి నిన్ను?"

"రాత్రి మంచు తాగిందేమోలే" అని నవ్వబోయి ఇస్సాకు ఆగిపోయాడు. తెరను చూశాడు. ఇనుప పెట్టెను చూశాడు. లేచి పెట్టెను తన వైపు తిప్పుకున్నాడు. వెనక, సాలెగూడు కింద, తెల్ల మూతి వైరు ఒకటి నల్ల టేపు చుట్టి మడిచి ఉంది.

"ఇది తెగింది కాదన్నా. పీకి పెట్టింది."

టేపు విప్పి, మూతిని రెండో తొర్రలో గాడి కిందికి వచ్చేట్టు పెట్టి బొటనవేలితో నొక్కాడు. టిక్కుమంది. ఏనాడూ వెలగని అద్దంలో ఎర్ర అంకెలు భగ్గుమన్నాయి. ఏడువేల ఐన్నూరు.

"పెట్టె చెప్పేది పలక చెప్పే మాట. దాన్ని నేను ముట్టుకోలేదు." ఇస్సాకు గొంతు తగ్గింది. వెనక రూములో దాచిన పాత ప్రోగ్రాంను తెరిచి, తెర మీది రెండు మూడు కిటికీలు దాటి ఒక చోట ఆగాడు. తరువాత కుర్చీ తిప్పి ఆదినారాయణ వంక చూశాడు. చేతుల వంక కాదు, ముఖం వంక.

"దీంట్లో ఎవరో రాసి పెట్టినారన్నా. బండి ఇంత బరువు దాటితే మున్నూరు కొట్టెయ్యమని. ఖాళీ బండైతే ముట్టుకోదు. నిండు బండైతేనే." ఇంకా చూస్తూనే ఉన్నాడు. "నీకు తెల్దా?"

"నాకా?"

"నిజంగా తెల్దా? ఇన్నేండ్లుగా నువ్వే గదా చీటీలిచ్చేది."

ఆ చూపు ఆదినారాయణకు కొత్తది కాదు. పొద్దుటి నుంచి తాను ఇస్సాకును చూసిన చూపు అది. దాని అవతలి పక్కన కూర్చుంటే ఇట్లా ఉంటుందని మాత్రం తెలియదు. తెలియదని ఎంత గట్టిగా చెబితే అంత అబద్ధంలా వినబడుతుందని అర్థమయింది. మున్నూరు కేజీలు. మూట డెబ్బై అయిదు కేజీలు. కిటికీ అవతల, కంచె వారన, అంజి మళ్లీ ఊక మూట ఎత్తుకుంటున్నాడు.

హరి జీపు దిగి లోపలికి వచ్చాడు. ఎర్ర అంకెలను చూశాడు. ముఖం మారలేదు.

"ఎవరు చెప్పిరి దాన్ని ముట్టమని?"

"ఊడిపోయుంటే పెట్టినా సార్."

"ఊడిందాన్ని ఊడినట్ల ఉంచు. కొత్త ప్రోగ్రాం మా కాటాకు పడదు. పాతదే పెట్టు."

ఇస్సాకు ఒక్కసారి ఆదినారాయణ వంక చూశాడు. ఆదినారాయణ నేల చూశాడు. "మీ కాటా, మీ ఇష్టం సార్. నాకేంది" అని ఇస్సాకు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పాతది ఎక్కింది. ఏడువేల రెన్నూరు వచ్చింది. తెల్ల మూతి వైరు మళ్లీ ఊడింది. అద్దం గుడ్డిదయింది.

"ఆదినారాయణా, జేబులు చూసి పంపు."

ఇస్సాకు తానే జేబులు బయటికి లాగి నిలబడ్డాడు. దువ్వెన, బస్సు టికెట్టు, ఒక నిమ్మ బిళ్ల. ఆదినారాయణ చేతులు వాటి మీద ఆడాయి గానీ కన్ను ఆనలేదు.

"ఆ ఎర్రదారం పుల్ల ఈడ పెట్టి పో" అన్నాడు హరి. "మాది ఏం పోతాందో దాంట్లో."

"సార్, అది నా కూడు సార్. అది లేకుంటే రేపు నేను యాడికీ పోలేను."

"ఇంగోటి కొనుక్కో" అని హరి కూలి డబ్బుతో పాటు ఇంకో నోటు బల్ల మీద పెట్టాడు. పుల్లను సొరుగులో వేసి తాళం తిప్పాడు. ఇస్సాకు తన కూలి తీసుకుని ఆ నోటును అక్కడే వదిలేశాడు. గడపలో చెప్పులు తొడుక్కుంటూ, "ఉంచుకోండి సార్. మళ్లా నీలం రోగం వస్తాది. అప్పుడు నన్నే పిలుస్తారు" అన్నాడు. ఆదినారాయణ వంక చూడకుండా గడప దాటాడు.

హరి మాత్రం భుజం మీద చెయ్యి వేశాడు. "బాగా చూసుకున్నావప్పా. నువ్వు గాబట్టి. వేరేవాడైతే ఏందేందో అడుగుతాడు."

మెచ్చుకోలే. ఇంటికి పోయే దారంతా ఆదినారాయణకు ఆ చెయ్యి భుజం మీదే ఉన్నట్టుంది. కంప్యూటరు అబ్బని మనిషిని ఏరి కంప్యూటరు ముందర ఎందుకు కూర్చోబెట్టాడో ఇన్నాళ్లు అడగాలని తోచలేదు. హరి భయం ఇస్సాకు ఏదో తీసుకుపోతాడని కాదు, ఏదో చూస్తాడని. ముసలామె కుంపటి ముందర కూర్చునేది తన బంగారం కోసం. తాను ఎవరి బంగారానికి కూర్చున్నట్టు?

పొద్దున బండ్లు రోడ్డు దాకా ఉన్నాయి. వరసలో మొదటిది శంకరయ్యదే. పాత చీటీ చెల్లదు, మళ్లీ తూచాలని హరి చెప్పి, అవతల మిల్లులో మరలు ఆడించడానికి పోయాడు. ట్రాలీ పలక ఎక్కింది. తెర మీద ఏడువేల రెన్నూరు. మిషను టరటరా చీటీ కొట్టింది.

"నిన్న నా సీటు మీద ఎవరు కూచున్యారు?" అంటూ వచ్చాడు శంకరయ్య. "దుమ్ము తుడిచి పెట్టిండారు ఎవురో. సీటు తుడిచేవాడు దొంగైనా గావల్ల, పిచ్చోడైనా గావల్ల."

ఆదినారాయణ చీటీ ఇచ్చాడు. రోజూలా తరువాతి బండిని పిలవలేదు. పంచెకు అరచేతులు తుడుచుకుని, ఇనుప పెట్టెను రెండు చేతులతో పట్టి, అద్దం ముఖం కిటికీ వైపు వచ్చేట్టు తిప్పాడు. ఈడ్చుకుంటే బల్ల కీచుమంది. వెనక చెయ్యి పెట్టి వెతికాడు. తెల్ల మూతి వైరు. రెండో తొర్ర. గాడి కిందికి. మొదటిసారి జారింది. చేతుల మీదనే కన్ను పెట్టమన్నది హరే. దినమంతా పెట్టిన కన్ను. ఒక్క వేలు కదలిక కూడా మరిచిపోలేదు. బొటనవేలితో నొక్కాడు.

టిక్కుమంది.

శంకరయ్య చీటీ మడవబోతున్నవాడు ఆగాడు. అతని ముఖం మీద ఎర్రటి వెలుగు పడింది.

"ఆదినారాయణా. దీంట్లో ఏడువేల రెన్నూరుండాది. దాంట్లో ఐన్నూరేంది?"

ఆదినారాయణ అద్దం మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు.

"మున్నూరంటే..." శంకరయ్య చిటికెన వేలి నుంచి మడవడం మొదలుపెట్టాడు. ఒక మూట, రెండు. నాలుగో వేలు మడిచి, ఇంకా మడిచేందుకు బరువు మిగలక, బొటనవేలిని అట్లే నిలబెట్టి చూస్తూ ఉండిపోయాడు.

వెనక బండ్ల మీది వాళ్లు దిగి కిటికీ దగ్గరికి వస్తున్నారు. ఎవరో జేబులోంచి పాత చీటీ తీస్తున్నారు. మిల్లు గడపలో హరి తెల్ల చొక్కా కనిపించింది.

"ఏది నమ్మల్లప్పా?" శంకరయ్య గొంతు చిన్నదయింది.

"నిరుడు టీ అంగట్లో నేనన్నది మాత్రం నమ్మొద్దు" అన్నాడు ఆదినారాయణ.

హరి నడక వేగం పెంచాడు. ఆదినారాయణ పెట్టె మీది నుంచి చెయ్యి తీయలేదు. శంకరయ్య అటు చూడలేదు. కంచె వైపు తిరిగాడు. బురదలో మడమల దాకా దిగి, వీపు మీద ఊక మూటతో అంజి నిలబడి, దూరం నుంచి ఎర్ర అంకెలను చూస్తున్నాడు.

"అంజీ. ఇట్ల రారా."

అంజి మూటను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"బండికాడికి రావద్దంటివి గదప్పా" అన్నాడు. గొంతులో కోపమేమీ లేదు. "ఈడనే ఉంటాలే. నువ్వే రా."

ఇద్దరి నడుమ ఉన్న బురద వంక చూస్తూ శంకరయ్య నిలబడ్డాడు.